శనివారం భోజనానికి రండి

మోరిస్‌విల్,
అక్టోబరు 17, శుక్రవారం.

పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నం కాస్త తెరిపిస్తే నిచ్చెన వేసుకుని ఇంటి ముందువైపు గట్టర్‌లో ఆకులు తీశాను. వెనకవైపు మిగిలింది.

బావగారు తేజేశ్వర్ గారికి కృష్ణమూర్తి నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. జెర్సీ సిటీలో మీరు, జయంతి అక్కయ్య, ధృవ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పైన వాన గురించి, గట్టర్ గురించి రాసింది మీకోసం కాదు. నా రోజువారీ పుస్తకంలో ఏ రోజైనా అలాగే మొదలుపెడతాను. తేదీ, వాతావరణం, చేసిన పని, చివర్న ఆ పూట వంట. కలం పట్టుకోగానే చెయ్యి దాని దారిన అది రాసుకుపోయింది. కొట్టివేతలతో ఉత్తరం పంపడం ఇష్టం లేక అలాగే ఉంచాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. ఫోన్‌లో అయితే మీరు మాట్లాడతారు, నేను సరే అంటాను. నా పెళ్ళయిన దగ్గర్నుంచి మన ఇద్దరి మధ్య జరిగిందంతా అదే. మొన్న ఆదివారం కూడా అదే జరిగింది. ఇరవై అయిదో తారీఖు శనివారం కార్లో వచ్చి అత్తయ్యగారిని తీసుకెళ్తానని, ఆవిడ బ్యాగు సర్ది ఉంచమని, ఈలోగా ఆవిడని స్టవ్ దగ్గరికి రానివ్వొద్దని మీరన్నారు. నేను సరే బావగారూ అన్నాను.

ఆ సరేని వెనక్కి తీసుకుంటున్నాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

బ్యాగు సర్దలేదు. సర్దను కూడా. ఆవిడ నా వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. మీరు వచ్చే రోజు కూడా అక్కడే నిలబడి ఉంటారు. కోపం వస్తే ఇక్కడే చింపేయండి. చింపకపోతే మిగతాది కూడా చదవండి.

అత్తయ్యగారి మీద నాకు పాతకాలం నుంచీ ప్రేమ కారిపోతోందని మీరు పొరబడకూడదు. ఆవిడకి నేనంటే పడేది కాదని మీకు తెలియనిదా? మేం ఈ దేశం వచ్చిన కొత్తలో శ్రీవిద్యకి ఉద్యోగం, నాకు డిపెండెంట్ వీసా. పని చేయకూడదు. చదువు చూస్తే అంతంత మాత్రం, ఉన్న నాలుగు ముక్కలూ సొంతంగా నేర్చుకున్నవి. పొద్దున్నే తను ఆఫీసుకి వెళ్ళిపోతే ఇంట్లో నేను, గోడలు. అప్పుడు వంట పట్టుకున్నాను. మాడ్చి, ముద్ద చేసి, మళ్ళీ చేసి నేర్చుకున్నాను. అత్తయ్యగారు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటివాళ్ళతో మా అల్లుడు గారు ఇంటి నుంచే పని చేస్తారండీ అని చెప్పారు. అబద్ధం కూడా కాదనుకోండి. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా నేను వండిన కూర ఎదురుగానే గిన్నెలోకి తీసుకుని, మళ్ళీ పోపు పెట్టుకుని తినేవారు. ఒక్క మాట అనేవారు కాదు. పోపు పెట్టేవారంతే.

అలాంటి మనిషిని మీరు సెప్టెంబరులో మార్పు కోసమని మా ఇంటికి పంపారు. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చిన సాయంత్రం ఆవిడ పెట్టె తెరిచి చీరల మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి నా చేతిలో పెట్టారు. స్టవ్ నాబ్‌లకి తొడిగే మూతలు. పాకే పిల్లలున్న ఇళ్ళలో వాడేవి. మీ బావగారు ఇమ్మన్నాడండీ, మీ స్టవ్‌కి సరిపోతాయో లేదో చూడమన్నాడు అన్నారు. గొంతులో ఏమీ లేదు. పక్కింటివాళ్ళ కొరియర్ అందించినట్టు అందించారు.

నేను తొడిగాను. మీరు చెప్పారు కాబట్టి తొడిగాను.

అంతకుముందు జరిగినవన్నీ మీరు ఫోన్‌లో వరసగా చెప్పారు. జులైలో పాలు పొయ్యి మీద పెట్టి పక్క గదిలో కూర్చున్నారని, పొంగి, గిన్నె మాడి, అలారం మోగి, బిల్డింగ్ మొత్తం మెట్లు దిగాల్సి వచ్చిందని, ఎలా తెలియలేదమ్మా అంటే మరిచిపోయాను అన్నారని చెప్పారు. పులిసిపోయిన పప్పు మీ ఆఫీసు స్నేహితులకి వడ్డించారని చెప్పారు. చేసింది గుర్తుండక మళ్ళీ మళ్ళీ ఆవపెట్టిన కూరలే చేస్తున్నారని, పనసపొట్టైనా ఆవే, అరటికాయైనా ఆవేనని, ఉప్పు ఒకరోజు రెండింతలు, ఒకరోజు అసలు లేదని చెప్పారు. అమ్మకి మెమరీ పోతోంది బావగారూ, దిస్ ఈజ్ హౌ ఇట్ స్టార్ట్స్ అన్నారు. అప్పుడు మీ గొంతు వణికింది. అది నేను విన్నాను. అందుకే ఈ ఉత్తరంలో మిమ్మల్ని నిందించను. కానీ మీ మాట వినను.

మూతలు తొడిగిన స్టవ్ ఎదురుగా, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో ఆవిడ కూర్చునేవారు. నేను పని చేసే స్టోర్‌లో సరుకు దింపించి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్కడే ఉండేవారు. ఈ పూట ఏం వంటండీ అని అడిగేవారు. చెప్పేవాణ్ణి. ఓహో అనేవారు. చేతులు ఒళ్ళో పెట్టుకునేవారు. కాసేపటికి చూస్తే ఆ చేతులు చీర అంచు మీద ఏదో తరుగుతున్నట్టు, ఏరుతున్నట్టు కదులుతుండేవి.

మీ కుటుంబంలో ఆడవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది కదా, ఈ పూట వంటేంటని. సన్నీవేల్ నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు, సాయంత్రం అయ్యేసరికి ఫోటోలు పెడతారు. మీ పిన్నిగారి అమ్మాయి నమ్రత పాస్తా పెట్టి, ఇది కూడా వంటే, ఎవరూ ఏమీ అనకండి అని రాస్తుంది. అత్తయ్యగారు అవన్నీ ఫోన్ దూరంగా పట్టుకుని ఒక్కొక్కటే చూసేవారు. వేపుడు ముక్కలు పెద్దవయ్యాయి, చారు మరిగిపోయింది అని తనలో తను అనుకునేవారు. తను మాత్రం ఏమీ పెట్టేవారు కాదు. జులై తర్వాత ఏమీ పెట్టలేదు.

ఒకరోజు నేను దొండకాయలు తరుగుతుంటే అత్తయ్యగారు లేచి వచ్చి పక్కన నిలబడ్డారు. చాకు అడగలేదు. చూస్తూ నిలబడి, నాకేం తోచడం లేదండీ, పని చెయ్యొద్దన్నారని తెలుసు, కాయలు కడిగి ఇస్తే తప్పా అన్నారు.

బావగారూ, మీకు ఆ మాట ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. చేతులు బాగానే ఉండి, పని చేయకూడదని కాగితం మీద రాసి ఇస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి నా పాస్‌పోర్టులో ఆ కాగితం ఉంది. పొద్దున్న లేస్తే ఈ రోజు ఎందుకు లేచానని అనిపించేది. ఎవరితోనూ అనలేదు, శ్రీవిద్యతో కూడా. ఆ కాలంలో నన్ను నిలబెట్టింది పొయ్యి. ఒక్క పొయ్యే. సాయంత్రానికి ఒక కూర, ఒక పప్పు చేసి, పుస్తకంలో రాసుకుంటే, ఈ రోజు పోలేదు అనిపించేది. ఇంకో మనిషి దగ్గర్నుంచి ఆ పొయ్యిని లాక్కునే పని మీరు నాకు అప్పగించారు. తెలియక అప్పగించారు. తెలిసిన తర్వాత నేను చేయను.

మూతలు ఊడబీకాను. ఒకటి గట్టిగా పట్టుకుంటే స్క్రూడ్రైవర్ పెట్టి తీశాను. అవి గరాజ్‌లో ఉన్నాయి, కావలిస్తే వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. మీ బావగారికి తెలిస్తే అని అత్తయ్యగారు అడిగారు. తెలియనివ్వండి అన్నాను. ఆవిడ నా వైపు కొత్తగా చూశారు. నేను అంత పొడుగు మాట మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదనుకుంటాను.

ఆ రోజు నుంచి మా వంటింట్లో ఎవరు ఏమిటో చెప్తాను. నిధి చెప్పిన మాటలో చెప్పాలంటే అమ్మమ్మ బాస్, నాన్న ఇంటర్న్. అన్‌పెయిడ్ ఇంటర్న్ అని కూడా అంటోంది. స్కూలు నుంచి వచ్చి కౌంటర్ ఎక్కి కూర్చుని, అమ్మమ్మా, నాన్నకి ఈ రోజు ఎన్ని మిస్టేక్స్ అని అడుగుతుంది. లెక్క పెట్టలేదే తల్లీ అని ఆవిడ అంటారు.

అత్తయ్యగారు పోపు వినికిడి మీద పెట్టిస్తారు. నేను బాణలి ముందు నిలబడితే ఆవిడ నా వెనక నిలబడి, ఆవాలు ఆగాయి, ఇప్పుడు మినప్పప్పు, ఆగు ఆగు, ఇప్పుడు కరివేపాకు అంటారు. కుక్కర్ విజిల్ వచ్చే ముందు దాని గొంతు మారుతుందట. నాకు ఇన్నేళ్ళలో వినపడలేదు, ఇప్పుడు వినపడుతోంది. ఒకరోజు వేపుడు తొందరపడి దించబోతే, దించావంటే చూడు, అవి ఇంకా మెత్తగా కదులుతున్నాయి, గలగలమనాలి అన్నారు. నన్ను నువ్వు అన్నది అదే మొదటిసారి. ఆవిడ నాలుక కరుచుకున్నారు. నేను గరిటె తిప్పుతూ ఉండిపోయాను. ఆ తర్వాత మళ్ళీ నన్ను మీరు అని పిలవలేదు. నాకు అదే బాగుంది.

మీ ఇంటి పద్ధతి మీకు తెలిసిందే. దేవుడికి పెట్టకముందు ఆవిడ నాలుక మీద చుక్క వేసుకోరు. ఉప్పైనా, పులుపైనా అంతే. మీ చిన్నప్పుడు ఆవిడ మూత తీసి ఆవిరి మీదికి వంగి, ఉప్పు చాల్లేదు అని చెప్పేవారని, ఎప్పుడూ తప్పేది కాదని మీరే నాకు ఒకసారి గొప్పగా చెప్పారు. ఇప్పటికీ రుచి చూడరు. నిధి, జస్ట్ టేస్ట్ చెయ్యి అమ్మమ్మా, గాడ్ వోంట్ మైండ్ అంటే, ఆయనకి ఎంగిలి పెడితే నేను మైండ్ చేస్తాను అన్నారు.

ఆవిడకి జ్ఞాపకం పోయిందని మీరంటారు. నేను స్టోర్‌లో ఏ వారం ఏ షిఫ్టో నాకంటే ముందు ఆవిడ చెప్తారు. మా అల్మరాలో మెంతులు ఏ డబ్బాలో ఉన్నాయో చీకట్లో తీస్తారు. నిధి కెమిస్ట్రీ టెస్ట్ ఎప్పుడో, పోయినసారి ఎందుకు ఏడ్చిందో ఆవిడకి గుర్తు. నా పెళ్ళిలో మా వైపు వాళ్ళు పాయసం బాగాలేదన్నారని, అన్నది ఎవరో పేరుతో సహా చెప్పారు. ఆ పేరు మరిచిపోతే నాకే సుఖంగా ఉండేది.

అయితే పాల సంగతేమిటి, పప్పు సంగతేమిటి అని అడుగుతారు. అడగాలి కూడా. దానికి జవాబు ఉంది. నాకు తెలుసు. పోయిన వారం తెలిసింది. కానీ అది ఆవిడ సంగతి. ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇచ్చాను. ఆదివారం మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నంతసేపూ అది నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఆవిడకి మతి పోలేదు. అంతకన్నా రాయడానికి నాకు హక్కు లేదు.

ఆదివారం మీకు కోపం తెప్పించింది గుత్తివంకాయ ఫోటో. అది పెట్టింది ఆవిడే. స్టోర్‌కి లేత వంకాయలు వస్తే తెచ్చాను. కారం ఆవిడ నూరించారు, కాయలు ఆవిడ కూరారు, నేను తిప్పాను. అయ్యాక ఆవిడే ఫోన్ తీసి, బాణలి పక్కకి జరిపించి, వెలుతురు చూసుకుని ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టారు. కింద, ఈ పూట గుత్తివంకాయ, మెంతి మజ్జిగ, వంట ఛాయాదేవి, కృష్ణమూర్తి అని రాశారు. ఆడవాళ్ళ గ్రూప్‌లో నా పేరు పడటం అదే మొదటిసారి. నమ్రత, పెద్దమ్మా వచ్చేశావా, మేమంతా పాస్తా తిని చచ్చిపోతున్నాం అని పెట్టింది. ఆవిడ రెండుసార్లు చదివించుకున్నారు. అక్కయ్య మీకు చూపించారేమో, గంట తిరక్కుండా మీ ఫోన్ వచ్చింది. దిస్ ఈజ్ నాట్ అబౌట్ వంట బావగారూ, ఇట్స్ అబౌట్ సేఫ్టీ, రేపు ఇల్లు తగలబడితే ఎవరు రెస్పాన్సిబుల్ అన్నారు.

నేను. రాసి ఇస్తున్నాను. నేను.

స్టవ్ వెలిగించేది, ఆర్పేది నేనే. నేను లేనప్పుడు గ్యాస్ గొట్టం దగ్గర వాల్వ్ కట్టేసి ఉంటుంది, అది ఆవిడకి చెప్పే కట్టేస్తాను. ఆవిడ ఒప్పుకున్నారు. వంటింట్లోనూ బయటి హాల్లోనూ కొత్త అలారాలు పెట్టాను. ఫ్రిజ్‌లో ప్రతి గిన్నె మీద వండిన తేదీ అంటిస్తున్నాను. వచ్చే గురువారం డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆవిడకి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలని మీకు పట్టుదల ఉంటే అదీ చేయిస్తాను. డాక్టరు ఏం చెప్తే అది వింటాను. కానీ పరీక్షకి ముందే శిక్ష వేయడానికి ఒప్పుకోను. వాళ్ళెవరో పెద్దవాళ్ళని పగలంతా చూసుకునే సెంటర్ ఉందని, బస్సు వచ్చి ఎక్కించుకుంటుందని, మధ్యాహ్నం అక్కడే భోజనమని మీరు చెప్పారు. మంచి చోటే అయి ఉంటుంది. ఆవిడ వెళ్తానంటే నేనే దింపుతాను. వెళ్ళనంటున్నారు. అడిగాను. మీరు అడిగారా?

శ్రీవిద్య సంగతి కూడా రాయాలి. తను మీ చెల్లెలు, మీ మాట తనకి చిన్నప్పటి నుంచీ వేదం. మూతలు తీసేశానని తెలిసి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మకేమైనా అయితే అన్నయ్యకి నేను మొహం ఎలా చూపించను అంది. గుత్తివంకాయ రోజున మాత్రం తిని లేస్తూ, ఉప్పు సరిపోయిందమ్మా అంది. వాళ్ళమ్మ మొహం చూసి తను సింక్ దగ్గరికి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పుకుని నిలబడింది. మీ ఫోన్ తర్వాత, మీరే చెప్పండి అన్నయ్యకి, నావల్ల కాదు, ఈసారైనా సరే అనకండి అంది. ఈ ఉత్తరం రాస్తున్నానని తనకి తెలుసు.

ఇక మీ సంగతి. శనివారం రండి. రావద్దని అనను, మీ అమ్మ దగ్గరికి మీరు రావడానికి నా అనుమతి ఏమిటి? జయంతి అక్కయ్యని, ధృవ్‌నీ తీసుకురండి. కానీ తీసుకెళ్ళడానికి కాదు. భోజనానికి రండి. ఆవిడ వండుతారు, నేను పక్కన ఉంటాను, మీరు తిని చెప్పండి. తిన్న తర్వాత కూడా తీసుకెళ్ళాలనిపిస్తే ఆ మాట నాతో కాదు, ఆవిడతో అనండి. ఆవిడ వస్తానంటే నేనే బ్యాగు కార్లో పెడతాను. రానంటే, డ్రైవ్‌వేలో మీ కారుకి అడ్డం నా కారు పెట్టడానికి కూడా నేను వెనకాడను. నేను అలాంటి మనిషిని కానని మీకు తెలుసు. కాబట్టే రాస్తున్నాను.

ఇట్లు,
మీ చెల్లెలి ఇంట్లో వంట చేసేవాడు,
కృష్ణమూర్తి.

తా.క. కవరు అంటించబోతుంటే అత్తయ్యగారు పెరట్లోంచి బచ్చలి కోసుకుని వచ్చారు. చలికి తీగ నల్లబడేలోగా ఉన్నదంతా కోసేయాలని వాన చినుకుల్లోనే వెళ్ళారు. టేబుల్ మీద కాగితాలు చూసి, నీ పుస్తకంలో నాలుగు ముక్కలకి మించి రాయవు కదా, ఏమిటీ రామాయణం అన్నారు. మీకు రాస్తున్నానని చెప్పాను. ఇలా ఇమ్మన్నారు. మీ అమ్మగారు చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉండటం మీకైనా చేతనవుతుందా?

మొత్తం చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఒకచోట చదివారు. మీరు మీరు అంటూనే వాడికి బాగా పెట్టావు అన్నారు. తర్వాత చాలాసేపు బచ్చలాకులు కాడల నుంచి తుంపుతూ కూర్చున్నారు. చివరికి, నాకిచ్చిన మాట కోసం నువ్వు ఇన్ని మెలికలు తిరగక్కర్లేదు, రాసెయ్యి, వాడికి తెలియాలి అన్నారు. ఆవిడ చెప్పమన్నట్టే రాస్తున్నాను.

ఆవిడకి వాసన తెలియదు. పోయిన జనవరిలో జ్వరం వచ్చి తగ్గింది కదా, అప్పటి నుంచి. మల్లెపూలు, కర్పూరం, మాడిన పాలు, పులిసిన పప్పు అన్నీ ఒకటే. ఏమీ లేదు. రోజూ పొద్దున్నే లేచి కాఫీ డబ్బా మూత తీసి చూసుకునేవారట, ఈ రోజైనా వచ్చిందేమోనని. ఆవిరి మీదికి వంగితే వేడి తగిలేదట, అంతే. ఉప్పు అందాజుగా వేసేవారు. తప్పయిందో ఒప్పయిందో అందరూ తింటున్నప్పుడు మీ మొహాలు చూసి తెలుసుకునేవారు. ఆవ ఒక్కటే ముక్కులో ఘాటుగా తగులుతుందట. అదొక్కటే నన్ను ఇంకా పలకరిస్తోంది నాయనా అన్నారు నాతో. ప్రతి కూరలోనూ ఆవ అందుకు పెట్టారు. మరిచిపోయి కాదు.

మరి మరిచిపోయాను అని ఎందుకు చెప్పారు అని నేను అడిగాను. వండే మనిషికి ముక్కు పోయిందంటే గరిటె లాక్కుంటారని భయం. మరిచిపోయాను అంటే, పెద్దదైంది కదా అని ఊరుకుంటారనుకున్నారు. మన ఇళ్ళలో ఏ పెద్దావిడ అనదు ఆ మాట? చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాచాననుకున్నారు. ఈ దేశంలో ఆ మాటే పెద్దదని, దానికి డాక్టర్లు, సెంటర్లు, బస్సులు ఉంటాయని నాకేం తెలుసు అన్నారు. ముక్కు పోయిందిరా నాయనా, మతి కాదు, అని పెద్ద అక్షరాలతో రాయమన్నారు. నా అక్షరాలు ఇంతే ఉంటాయి.

నాకెలా తెలిసిందో కూడా రాయమన్నారు. ఆవిడ పక్కన ఉండగా దాచను. పోయిన వారం నేను చెత్త డబ్బాలు లోపలికి తేవడానికి వెళ్ళినప్పుడు పులుసు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. తలుపు తీయగానే నాకు గుప్పుమంది. ఆవిడ పొయ్యికి పక్కనే నిలబడి ప్రశాంతంగా కొత్తిమీర తుంపుతున్నారు. నేను పరుగెత్తి ఆర్పి కిటికీలు తీస్తుంటే, ఏమైంది అన్నారు. తర్వాత నా మొహం చూశారు. కుర్చీలో కూర్చుని అంతా చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. కాబట్టి మీ భయం అబద్ధం కాదు బావగారూ. వాల్వ్, అలారాలు, వెలిగించే పని నాదే అనడం, అన్నీ ఆ సాయంత్రం తర్వాత వచ్చినవే. గురువారం వెళ్తున్నది కూడా ముక్కు డాక్టర్ దగ్గరికే. వాసన తిరిగి వస్తుందో రాదో ఆయన చెప్తారు. రాకపోతే నా ముక్కు ఉంది. ఆవిరి మీదికి ఎలా వంగాలో, ఉప్పు తక్కువైతే ఆ వాసన ఎంత చప్పగా ఉంటుందో నేర్పిస్తున్నారు. ఇన్నేళ్ళూ నేను నాలుకతో వండాను. ముక్కుతో వండటం ఇప్పుడే మొదలుపెట్టాను. మొదట్లో అన్నీ తప్పులే. గుత్తివంకాయకి మాత్రం నా మాట మీదే దించారు.

ఇదంతా చదివాక కూడా శనివారం మీరు బ్యాగు కోసమే వస్తే, నేను పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం మారదు. ఆవిడ కూడా మార్చొద్దన్నారు.

అదిగో, పిలుస్తున్నారు. రాసింది చాలు, కంద ఉడికింది, వచ్చి పొయ్యి వెలిగించు, పులుసు పోశాక వాసన చూసి చెప్పు అంటున్నారు. ఆవ నూరి పెట్టారు, దించాక తనే కలుపుతారట. వెళ్ళి చూసి వచ్చి కవరు మీద అడ్రసు రాస్తాను. ఈ పూట కంద బచ్చలి, కొబ్బరి పచ్చడి, చారు, ఇంకా...